రామక్క సంతల దారి

పామేడు సంత తప్ప రామక్కకు లోకం తెలియదని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. లోకమే వారానికోసారి సంతకు నడిచి వస్తుంటే, తాను పనిగట్టుకుని దాన్ని వెతుక్కుంటూ పోవడమెందుకని ఆమె వాదన. మాటకు మాట అప్పజెప్పడంలో ఆమెను మించినవాళ్ళు మారేడుపాకలో లేరు. బస్తరు సంస్థానానికి దక్షిణపు కొసన తెలుగు మాట్లాడే పల్లెల్లో మారేడుపాక ఒకటి. అన్నీ కలిపితే ఇరవై గడపలుంటాయేమో. చుట్టూ అడవి, అడవిని నరుక్కుని చేసుకున్న పొలం చెక్కలు, ఊరి చివర ఒక వాగు. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు.

రాజుగారు జగదల్‌పూర్‌లో ఉంటారని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. చూసినవాడు ఒక్కడూ లేడు. రాజుగారి నౌకర్లను మాత్రం అందరూ ఎరుగుదురు. ఎరగకేం, వాళ్ళ సామాను మోసేది వీళ్ళేగా. ఏ అధికారి అడవిలో అడుగుపెట్టినా అతని పెట్టెలు, మడతమంచం, వంటగిన్నెలు, ఆఖరికి కోళ్ళగంప కూడా ఈ ఊరివాళ్ళు మోసుకెళ్ళి పక్క ఊరి పొలిమేరలో దించాలి. అక్కడివాళ్ళు ఎత్తుకుని ఆ పై ఊరికి చేర్చాలి. దానికి వెట్టి అని పేరు. నాట్లా, కోతలా, ఇంట్లో శవం లేచిందా అని అడిగే నాథుడు లేడు. బాట మీద కనబడినవాణ్ణి కనబడినట్టు పట్టుకునేవారు.

రామక్క మొగుడి పేరు సన్న. నోరూ వాయీ లేని మనిషి. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ రామక్కే మాట్లాడేది. అలాంటివాడు ఓ తొలకరి నాడు జన్మకల్లా ఒకే ఒక్క తిరుగుబాటు చేశాడు. వాన పడి నేల పదునెక్కింది, తెల్లారితే విత్తనం చల్లాలి. సరిగ్గా అప్పుడే అడవి దొర ఒకాయన దిగాడు. సన్న నెత్తి మీద ఒక పొడుగాటి పెట్టె పెట్టారు. వాగు దాకా మోసిన సన్న దాన్ని ఒడ్డున దించి, ఇప్పుడే వస్తానని పక్కవాడితో చెప్పి, తిన్నగా పొలానికి వచ్చి విత్తనాలు చల్లడం మొదలుపెట్టాడు. పని అయ్యాక వెళ్ళి పెట్టె ఎత్తుకుందామనే అతని ఉద్దేశం. ఈలోగా ఎగువన వాన కురిసి వాగు పొంగింది, పెట్టె కొట్టుకుపోయింది. పెట్టెలో దొరగారి తుపాకీ ఉందట. సన్నను చేతులు కట్టి సర్కారు బాట మీదుగా జగదల్‌పూర్ జైలుకు నడిపించుకుపోయారు. అతను చల్లిన విత్తనం మాత్రం బాగా మొలిచింది. ఆ పంట రామక్క ఒక్కతే కోసుకుంది, కోస్తున్నంతసేపూ దాన్ని తిట్టిపోస్తూనే ఉంది.

జైలు శిక్ష ఒక ఎత్తు. దాని వెనకాల కులం వేసే శిక్ష ఇంకో ఎత్తు. జైల్లో ఎవరు వండారో, ఏ పొయ్యి మీద వండారో తెలియని కూడు తిన్నవాడు వాళ్ళ లెక్కలో బయటివాడే. విడుదలై వచ్చినా ఊరి పొలిమేర దాటడానికి లేదు. అక్కడే కూర్చోవాలి. అతని ఇంటి పొయ్యిలోంచి, అతని ఇంటి ఆడది పెంకులో నిప్పు తీసుకొచ్చి, పొలిమేర మీదే కొత్త కుండలో అన్నం వండాలి. కులపెద్ద తొలి ముద్ద తిని, మలి ముద్ద అతనికి పెట్టాలి. అప్పటికి అతను మళ్ళీ ఊరి మనిషి. మరో ఇంటి ఆడది ఆ నిప్పును ముట్టడానికి లేదు. ఒకరి పొయ్యిలో నిప్పు మరొకరు ఎత్తుకుపోతే ఆ ఇంటి వేల్పును ఎత్తుకుపోయినట్టేనని వాళ్ళ నమ్మకం. సన్నకు తల్లి లేదు, అప్పచెల్లెళ్ళు లేరు. పుట్టిన ఒక్క ఆడపిల్లా మాటలు రాకముందే జ్వరంతో పోయింది. అతన్ని తిరిగి ఊళ్ళోకి తీసుకురాగల మనిషి ఈ భూమ్మీద రామక్క ఒక్కతే. ఆ సంగతి ఆమె ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

రెండు కోతలు గడిచాయి. మూడో వానాకాలం మొదట్లో చర్ల నుంచి ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగే వెంకటనారాయణ సంతలో ఆమెను పక్కకు పిలిచాడు. జగదల్‌పూర్ వెళ్ళాడట. అక్కడ రోడ్డుకు కంకర కొడుతున్న ఖైదీల్లో సన్న కనబడ్డాడట. దగ్గు ఆగడం లేదట, డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాడట. ఈ చలికాలం గడిస్తే గట్టివాడే అన్నాడు వెంకటనారాయణ. రామక్క అతని దగ్గర ఉప్పు కొనకుండానే ఇంటికి వచ్చేసింది.

జైలు దగ్గరే కాచుకుని, విడిచినప్పుడు మొగుణ్ణి తానే ఊరికి నడిపించుకు రావాలని మర్నాటి నుంచి ఆమె జగదల్‌పూర్‌కు దారి అల్లడం మొదలుపెట్టింది. అల్లడం అనే అనాలి, ఎందుకంటే ఆ దారి మొత్తం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు. సర్కారు బాట ఒకటుంది, బీజాపూర్ మీదుగా పోతుంది. ఆ బాట మీద మొగాళ్ళను మోతకు, ఆడవాళ్ళను దంపుళ్ళకు పట్టుకుంటారు. ఇక మిగిలింది అడవిలో కాలిబాటలు. వాటి సంగతి ఎవరిని అడిగినా తన ఊరి నుంచి పక్క సంత దాకా చెప్పి ఆగిపోతారు. అవతల ఏముందంటే అవతలి సంత ఉందంటారు. రామక్కకు ఇక్కడే ఆలోచన తట్టింది. ప్రతి సంతకూ అవతలి ఊళ్ళవాళ్ళు కొందరు వస్తారు. వాళ్ళ వెంట వాళ్ళ ఊరు వెళ్ళిపోవాలి. వాళ్ళ వసారాలో పడుకుని, దంపో, విసురో, కట్టెలో, చేతనైన పని చేసి పెట్టాలి. మళ్ళీ వాళ్ళు ఆ పక్క సంతకు పోయినప్పుడు వెంట పోవాలి. అక్కడ ఇంకో ఊరివాళ్ళు దొరుకుతారు. ఇలా సంత నుంచి సంతకు చేయి మారుతూ పోతే జగదల్‌పూర్ సంతకు చేరక ఎక్కడికి పోతుంది?

ఆ వానాకాలమంతా ఆమె సంతలో కొన్నదీ అమ్మినదీ తక్కువ, అడిగిందే ఎక్కువ. ఇప్పపువ్వు అమ్ముకునేవాళ్ళను, కోళ్ళు తెచ్చినవాళ్ళను, కుండలవాళ్ళను, ఎవరినీ వదల్లేదు. మీ ఊరికి ఎన్ని వాగులు దాటాలి, ఎక్కడ పులి భయం, ఏ ఊళ్ళో ఏ మాట పలుకుతారు, ఏ వారం ఎక్కడ సంత. ఆమె కనబడగానే కొందరు బుట్టలు సర్దుకుని తప్పుకునేవారు. ఇంటికి వచ్చి విన్నదంతా నేల మీద పరిచేది. సంతకొక చింతగింజ, వాగుకొక గులకరాయి, పులి తిరిగే చోట తునికాకు. పామేడు గింజ గడప దగ్గర ఉండేది. చింతలనార్ ఇంటి నడిమి నిట్రాడు పక్కన, జగర్‌గొండ గాదె కింద, దంతెవాడ పొయ్యి దగ్గర. జగదల్‌పూర్‌కు గింజ సరిపోదని ఒక గవ్వ పెట్టింది. ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు గోడవారగా నడవాలి. పక్కింటి సోమమ్మ కోడి ఒకసారి వచ్చి దంతెవాడను మింగేసింది. దాని కోసం ఇద్దరూ పూటంతా పోట్లాడుకుని, మళ్ళీ ఇద్దరూ కలిసే ఇంకో గింజ పెట్టారు. సోమమ్మ ఆమెకు చెల్లెలి వరస, వరస మాత్రమే కాదు, ఆపదలో ఆమె తరఫున మాట్లాడే నోరు కూడా. ఊళ్ళో కొందరు రామక్కకు మతి చలించిందన్నారు. సోమమ్మ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మరీ వాళ్ళ మతి సంగతి చెప్పి వచ్చింది.

కోతలు దగ్గరపడ్డాక వెంకటనారాయణ మళ్ళీ కనబడ్డాడు. రామక్క తన దారి మొత్తం అప్పజెబితే అతను నోరెళ్ళబెట్టి విన్నాడు. ఎంత తిరిగినా తనకే ఇంత తెలియదన్నాడు. మెచ్చుకున్నవాడు ఊరుకోవచ్చుగా, ఇంకో మాట కూడా చెప్పాడు.

"బాగనే ఉందిగని చెల్లె, ఇది శాన పొద్దు పడుతది. సంత సంతకు కూసోవాలె గద. నా ఎడ్ల ఎంబడి బీజాపూర్ దాక రా. ఆడికెల్లి సర్కారు బాట, బండ్లు పోతుంటయి. ఎవలన్న పెద్దమనిసి బండెనక నడువు. తొందర చేరుతవ్."

"ఆ బాట మీదనే గదన్నా నా పెనిమిటిని గుంజుకపోయింది. నన్ను గూడ పట్టుకుంటే ఆయన్ని ఊళ్ళెకు తెచ్చేటిదెవలు?"

ఈ మాటలో ఎవరూ తప్పు పట్టలేరు. వెంకటనారాయణ కూడా సరేనని ఎడ్లను తోలుకుపోయాడు. తెలివితక్కువ పని చేసి చెడినవాళ్ళను చూసి జాలిపడొచ్చు. అన్నీ ఆలోచించి, ఏ వైపు నుంచి చూసినా సరైన మాటే మాట్లాడి చెడిపోయేవాళ్ళను చూస్తే కడుపు రగిలిపోతుంది.

కొర్రలు కోసి గాదెలో పోసుకున్నాక ఆమె బయల్దేరింది. ఇల్లు మూసి పోయేవాళ్ళు పొయ్యిలో నిప్పు ఉంచకూడదు కాబట్టి నీళ్ళు చిలకరించి ఆర్పింది. వచ్చాక మళ్ళీ తానే రాజేసుకుంటుంది, అంతేగా. కులపెద్ద బిజ్జా ఆమెకు మామ వరస. పొలిమేర దాకా వచ్చి, ఆ జైలు దగ్గర ఏం పెట్టినా నోట పెట్టుకోకు, నువ్వు కూడా బయటిదానివైతే వాడికి దిక్కుండదని చెప్పాడు. ఆ మాత్రం తనకు తెలియదా అని రామక్క విసుక్కుంది. జొన్న పేలాల మూట చూపించి, మొగుడి వెంట తిరిగి వచ్చేదాకా ఇదే తన తిండి, అయిపోతే అడవిలో గడ్డలున్నాయి అంది.

దారి ఆమె పరిచిన గింజల్లాగే ఉంది. మొదట్లో ఆమెకు అది నమ్మశక్యం కాలేదు. చెప్పినచోట వాగు, చెప్పినచోట గుట్ట. పామేడు సంతకు వచ్చినవాళ్ళ వెంట చింతలనార్ వైపు నడిచి, వాళ్ళ ధాన్యం దంపి పెట్టి, వాళ్ళ వెంటే చింతలనార్ సంతకు చేరింది. ఇంతేనా చింతలనార్ అని కాసేపు చిన్నబుచ్చుకుంది కూడా. అక్కడ ముయె అనే కోయ ఆవిడ తన ఊరికి రమ్మంది. ముయె మాట రామక్కకు సగం తెలిసేది, మిగతా సగం చేతులతో గడిచిపోయేది. ముయె ఊళ్ళో ఉండగా అక్కడి పెద్ద ఒకాయన చనిపోయాడు. కర్మ తీరేదాకా ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటకూడదు. ఒక్కదాన్నే పోతానని రామక్క లేచింది. ముయె చేయి పట్టుకుని కూర్చోబెట్టి, మోకాలి దగ్గర నుంచి కిందికి లేని ఒకతన్ని చూపించింది. ఒంటరిగా పోయి పులి నుంచి బతికి బయటపడ్డది అతనొక్కడేనట. జగర్‌గొండ సంత తప్పిపోయింది. సంతల దారిలో ఒక సంత తప్పితే మళ్ళీ వారం ఆగాల్సిందే. ఆ వారమంతా రామక్క ముయె ఇంటి వసారాలో దంపుతూ, రోకటి పోటుకొకసారి తనను తాను తిట్టుకుంది.

జగర్‌గొండ దాటాక మాట మారింది, దంతెవాడ దాటాక మళ్ళీ మారింది. అక్కడివాళ్ళు మాట్లాడే హల్బీలో నేర్చుకున్న నాలుగు మాటలతోనే నెట్టుకొచ్చింది. నీళ్ళు, దారి, మొగుడు, జైలు. ఆ నాలుగు మాటలు వింటే ఎవరికైనా కథ మొత్తం తెలిసిపోయేది. పేలాలు అయిపోయాయి, గడ్డలు తవ్వుకుంది. పాదాలు పగిలి నెత్తురు కారితే ఆకు పసరు పిండుకుంది. చలి ముదిరిన రోజుల్లో ఇంద్రావతి ఒడ్డున జగదల్‌పూర్ ఇళ్ళ కప్పులు చూసింది. ఇన్ని ఇళ్ళున్నాయంటే ఎన్ని పొయ్యిలు ఉంటాయో అనుకుంది. పరాయి చోటికి పోయినా ఆమె బుద్ధి పొయ్యి మీదికే పోయింది.

జైలు గేటు దగ్గర ఒక ముసలి జవాను ఎండకు కూర్చుని ఉన్నాడు. రామక్క మొగుడి పేరు, ఊరి పేరు చెప్పింది. అతనికి అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పింది. అతను లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. ఏదో అన్నాడు, ఆమెకు తెలియలేదు. అప్పుడతను గుప్పిట మూసి ఆమె ముందు చాపి, మెల్లగా విప్పి చూపించాడు. ఖాళీ చెయ్యి. విడిచిపెట్టేశారు. జబ్బు ముదిరిందని, ఇంట్లోనైనా చావనీ అని, గడువుకు ముందే పంపేశారు. బీజాపూర్ పోయే సర్కారు బండిలో ఎక్కించింది తనేనని ఆ ముసలాయన సైగలతో చెప్పాడు. నీకు దారిలో ఎదురుపడలేదా అని ఆశ్చర్యపోయాడు. బీజాపూర్ ఒక దిక్కు, తాను వచ్చింది ఇంకో దిక్కు. ఆ సంగతి చెప్పడానికి రామక్క దగ్గర ఉన్న నాలుగు మాటలూ చాలలేదు.

ముసలాయన మంచివాడు. ఆమె వాలకం చూసి లోపలి నుంచి ఆకులో అన్నం, పైన పప్పు తెచ్చి ముందు పెట్టాడు. పొగలు వస్తున్నాయి. రామక్క చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. తిను, తిను అని అతను నోటికి చెయ్యి చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, ఆకును అతని వైపే జరిపి, అతని కాళ్ళకు దణ్ణం పెట్టి లేచింది. ఒళ్ళు తెలియని పొగరుబోతు అనుకుని ఉంటాడు పాపం.

తిరుగుదారికి ఆమె ఏమీ అల్లలేదు. మొగుడు పోయిన బాటే తన బాట. ఇన్నాళ్ళూ పులికన్నా ఎక్కువగా భయపడ్డ సర్కారు బాట మీద పట్టపగలు, నడిమధ్యగా పరుగులాంటి నడక నడిచింది. బండివాళ్ళను ఆపి అడిగింది. దగ్గే మనిషిని చూశామని ఒకరిద్దరు చెప్పారు. ఆ కబురు చాలు, ఆ పూటకు ఆకలి ఉండేది కాదు. బీజాపూర్ సంతలో వెంకటనారాయణ ఎదురుపడ్డాడు. ఆమెను చూడగానే అతని మొహం మాడిపోయింది.

సన్నను అతనే చూశాడు. బండి దిగి సంతలో ఓ మూల పడి ఉన్నాడు. నీ పెండ్లాం నీకోసం జగదల్‌పూర్ పోయిందయ్యా అని చెబితే, రామక్కా, ఒక్కతే పోయిందా అని నవ్వాడట. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఏడుపులోకి దిగిందట. ఆమె వచ్చేదాకా ఇక్కడే ఉండమని వెంకటనారాయణ చెప్పి చూశాడు. సన్న వినలేదు. మా పొలిమేర మీద కూర్చుంటాను, అది వచ్చి నిప్పు తెస్తుంది అన్నాడు. ఎద్దు మీద ఎక్కించి వెంకటనారాయణే దింపి వచ్చాడు. ఊరివాళ్ళు రామక్క కోసం కబురు కూడా పంపారట. ఎటు పంపుతారు, ఆమె పరిచిన గింజల వెంటే. పామేడు సంతలో చెప్పిన కబురు చింతలనార్ సంతకు, అక్కడి నుంచి జగర్‌గొండకు, ఆమె వెనకాలే ఆమె నడిచినంత నెమ్మదిగానూ నడిచింది. ఇప్పుడు ఏ దంతెవాడలోనో ఆమె కోసం అడుగుతూ ఉంటుంది.

"ఉన్నడా అన్నా?" అంది రామక్క.

"నేను దింపినప్పుడు ఉన్నడు చెల్లె. పో. మాట్లాడకు, పో."

బీజాపూర్ దాటాక, ఇంకా ఊరికి దూరం ఉండగానే, మామిడితోపులో డేరాలు కనబడ్డాయి. రామక్క బాట దిగి అడవిలోకి తిరగబోయింది. బంట్రోతు అప్పటికే చూశాడు. దంపుడుకు ఆడవాళ్ళు చాలడం లేదట. ఆమె అతని కాళ్ళ మీద పడింది. మొగుడు పొలిమేరలో కూర్చుని ఉన్నాడని, తాను పోతేనే ఊళ్ళోకి వస్తాడని, రోగంతో ఉన్నాడని తెలుగులో, కోయలో, హల్బీలో మొత్తుకుంది. ఎవరి మొగుడు ఎక్కడ కూర్చున్నా దొరవారికి బియ్యం కావాలి అన్నాడతను. పారిపోదామని చూస్తే జుట్టు పట్టి తెచ్చారు. తొందరగా వదులుతారేమోనన్న ఆశతో ఆమె ఇద్దరు మనుషుల పని ఒక్కతే దంపింది. బియ్యం తెల్లగా వచ్చాయని వంటవాడు మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, మిగతావాళ్ళను పంపేసి, ఈమెను మాత్రం డేరాలు ఎత్తేదాకా ఉంచుకున్నాడు.

మారేడుపాక పొలిమేరలో ఇప్పచెట్టు కింద పొలం కాపలాకు వేసిన గుడిసె ఒకటి ఉంది. సన్న ఉంటే అందులోనే ఉంటాడని రామక్క దూరం నుంచే అటు చూసింది. పొగ లేదు. ఎదురుగా పొలంలో ఉన్న సోమమ్మ ఆమెను చూసి కేక వేయలేదు, ఎదురు పరుగెత్తలేదు. ఊళ్ళోకి వెళ్ళి బిజ్జాను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికే రామక్కకు తెలిసిపోయింది. గుడిసె గుమ్మంలో కూర్చుని వాళ్ళు చెప్పేదాకా ఆగింది.

సన్న పోయి నాలుగైదు రోజులైంది. ఉన్నన్నాళ్ళూ సోమమ్మ పొలిమేర గీత మీద దొన్నెలో జావ పెట్టి వెనక్కి పోయేది, అతను పాక్కుంటూ వచ్చి తీసుకునేవాడు. కాసింత ఓపిక ఉన్నప్పుడు బాట వైపు తిరిగి కూర్చునేవాడు. చలికి వణుకుతుంటే గొంగళి విసిరారు. దగ్గరికి ఎవరూ పోలేదు. అతనూ రమ్మని అడగలేదు, నియమం అతనికీ తెలుసు. ఆఖరి పూట మాత్రం నిప్పు తెచ్చిందా అని రెండుసార్లు అడిగాడట. ఊళ్ళోకి రానివాణ్ణి ఊరి వల్లకాట్లోకి తీసుకుపోవడానికి లేదు కాబట్టి ఇప్పచెట్టుకు అవతలే పాతిపెట్టారు.

"నా పొయ్యిల నిప్పు తెచ్చి నీదే అని చెప్పుదమనుకున్న అక్కా," అంది సోమమ్మ. "పెంకుల ఎత్తుకున్న గూడ. కాళ్ళు రాలే. భయమేసింది."

అంత నోరున్న రామక్క ఆ రోజు నోరు విప్పి ఎవరినీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సోమమ్మ చచ్చేదాకా అనుకుంది. బిజ్జా కళ్ళు తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు, తాతల నాటి మాటను తన చేతిలో తప్పనివ్వలేనివాడు, అంతే. లేచి ఇంటికి రా కోడలా, కాళ్ళు కడుక్కో, జరగవలసింది చేద్దాం అన్నాడు. సోమమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"నేను రావద్దు మామా," అంది రామక్క. "జైలు కాడ అన్నం పెట్టిండ్రు. తిన్న."

అంత చెప్పి పంపితే ఎలా తిన్నావన్నాడు బిజ్జా. ఆకలైందంది. తెలియక తిన్నావా అని దారి చూపించబోయాడు. తెలిసే తిన్నానంది. ఇప్పుడు నీ పొయ్యి నుంచి నిప్పు తెచ్చేదెవరు, నీ ఇంట్లో ఇంకెవరున్నారు అని అతను తల పట్టుకున్నాడు. ఎవరూ లేరని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. రామక్క గుడిసెలోకి వెళ్ళి, మొగుడు పడుకున్న గడ్డి మీద పడుకుంది.

పెద్దలు కూర్చున్నారు, లేచారు. మళ్ళీ కూర్చున్నారు. ఇలాంటిది ఎప్పుడూ రాలేదన్నారు. వాళ్ళు తేల్చుకోలేకపోతుంటే పొద్దు వాలింది. సోమమ్మ ఇంటికి వెళ్ళి జావ కాచి దొన్నెలో పోసుకుని వచ్చింది. పొలిమేర గీత దగ్గర ఆగి, దొన్నె కింద పెట్టి, నియమం ప్రకారం వెనక్కి జరగాలి. ఆమె జరగలేదు. రామక్కతో కలిసి దంపిన మనిషి, ఆమెతో పూటంతా పోట్లాడగలిగిన మనిషి, ఆమె మూటలోని పేలాలు వేయించి ఇచ్చిన మనిషి. రామక్క ఏం చేస్తుందో, ఏం చెయ్యదో సోమమ్మకు తెలియనిది లేదు.

"నిజంగ తిన్నవా అక్కా?" అని మెల్లగా అడిగింది.

రామక్క గుడిసెలోంచి పాక్కుంటూ వచ్చి గీతకు ఇవతల ఆగింది.

"నువ్వు గీత దాటకు సోమీ," అంది. "దొన్నె ఆడ పెట్టి పో. నువ్వు పోయినంక తీసుకుంట."

సోమమ్మ వెనక్కి నడిచింది. రామక్క ఆమె కనుమరుగయ్యేదాకా ఆగి, చెయ్యి చాపి దొన్నె తీసుకుంది.